ఆనవాళ్లు తీయించిన గోడ

మా పక్కింటి అమ్మాయికి బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొన్న స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, ఈ పని అసలు ఎలా ఉంటుందో చెప్పమని అడిగింది. శ్రీకాకుళం బ్రాంచిలో ముప్పై ఏళ్లకు పైగా క్లెయిములు చూసి రిటైరైన మనిషిని, రెండు ముక్కలు చెప్పలేకపోయానని నాకే సిగ్గేసింది. తర్వాత చెబుతాలే అని పంపించేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు రాజకీయాలు వదిలేస్తున్నాను. అవి ఆ పిల్ల నెల తిరక్కుండానే నేర్చుకుంటుంది. నేను చెప్పేది ఒక్క షెడ్డు సంగతి. ఆ షెడ్డు విషయంలో నేను తప్పు చేశానని తెలుసు. ఎంత తప్పు చేశానో, దాన్ని సరిదిద్దానో లేదో ఇప్పటికీ నాకు అయోమయమే.

ఈ పనికి తెలివి కావాలని చేరినప్పుడు అనుకున్నాను. కొన్నాళ్లకు ఓపిక కావాలనుకున్నాను. ఇప్పుడు అడిగితే మాత్రం, ఎదుటి మనిషి మాట పూర్తి చేసేదాకా నోరు మూసుకుని ఉండడం అంటాను.

శుభ్రమైన ఫొటో

ముందు మా పాత మేనేజరు గురించి చెప్పాలి. మంచివాడే గానీ, ఒకసారి గరివిడిలో దెబ్బ తిన్నాడు. అక్కడ ఒక వెల్డింగు షాపుకి పాలసీ ఇచ్చాం. తనిఖీ రోజు తీసిన ఫొటోలో మూలగా ఒక జనరేటరు కూడా పడింది. అది షాపు వాడిది కాదు, పక్కవాడెవడో రెండు రోజులు ఉంచమని పెట్టి వెళ్లినది. తర్వాత షాపు కాలిపోతే, జనరేటరు కూడా పోయిందని వాళ్లూ, అది మా లెక్కలో లేదని మేమూ ఏడాదిపాటు కొట్టుకున్నాం. చివరికి మా ఫొటోనే చూపించి మా నోరు నొక్కేశారు.

అప్పటినుంచి ఆయన మాకు ఒకటే మంత్రం నూరిపోశాడు. ఫొటోలో బీమా చేసిన వస్తువు తప్ప ఇంకేదీ కనపడకూడదు. పక్క వస్తువులుంటే తీయించు, తర్వాత ఫొటో తియ్యి. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ మాట నా చేతిలో ఉండిపోయింది. ఎక్కడికి వెళ్లినా ముందు చెత్త తీయించేదాన్ని. పెద్దవాళ్లు నేర్పిన పాఠం ఏ దెబ్బ వల్ల పుట్టిందో చూసుకోవాలమ్మా. ఆ దెబ్బ తగలని చోట కూడా అదే మందు రాస్తే ఏమవుతుందో చెబుతాను.

ఇల్లా, కొట్టా?

రిటైరవడానికి ఇంకా ఏడాది పైచిలుకు ఉందనగా జీవరత్నం మాస్టారు మా ఆఫీసుకి వచ్చారు. సైన్సు టీచరుగా చేసి రిటైరైనాయన. సన్నగా, తెల్ల చొక్కాలో, జేబులో మడతపెట్టిన కాగితంతో వచ్చారు. శ్రీకాకుళంలో మేడ మీద వాటాలో అద్దెకుంటారు. ఆయన సరదా హార్మోనియాలు బాగుచేయడం. చర్చిల్లోవి, భజన మండళ్లవి, ఎవరు తెచ్చినా చేస్తారు, పైసా తీసుకోరు. ఇంట్లో సుత్తి చప్పుడు చేస్తే కింద ఇంటివాళ్లు ఊరుకోరు. అందుకని నరసన్నపేట దాటాక హైవే పక్క ఊళ్లో, తన పాత శిష్యుడి మూతపడిన రైసు మిల్లులో ఊక పోసుకునే షెడ్డు ఒకటి అడిగి తీసుకుని, పనిముట్లన్నీ అక్కడ పెట్టుకున్నారు. వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్లి పని చేసుకుని వస్తారు.

ఆ పనిముట్లకి బీమా కావాలన్నారు. ఇంటి పాలసీ తీశాను. అది ఇంట్లో ఉన్న సామానుకే. కొట్టు పాలసీ తీశాను. అది వ్యాపారం చేసేవాళ్లకే. మా కొత్త మేనేజరు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ ఇది ఇల్లా, కొట్టా?" అన్నాడు. రెండూ కాదన్నాను. రెండూ కానిది మనకెందుకన్నాడు. మాస్టారు ఎదురుగా కుర్చీలో చేతులు కట్టుకుని, ఏదో తప్పు చేసినవాడిలా కూర్చున్నారు. నాకు జాలేసింది. అగ్నికి ఒకటి, దొంగతనానికి ఒకటి విడివిడిగా పాలసీలు రాయొచ్చని మేనేజరుని ఒప్పించాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన జేబులో కాగితం పనిముట్ల జాబితా. చిత్రికలు, ఉలులు, రంపాలు, బరమాలు, పట్టుకార్లు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. అడుగున ఒక సన్నపు ఆకురాయి, దాని కింద గీత. హార్మోనియంలో ఇత్తడి రీడ్లుంటాయి. వాటిని వెంట్రుకవాసి గీకి స్వరం సరిచేయడానికి ఆ ఆకురాయే కావాలట. తనకి పని నేర్పిన ముసలాయన ఇచ్చినదట. అలాంటిది ఇప్పుడు బజార్లో దొరకదన్నారు.

సంచిలో పోసిన చెత్త

తనిఖీకి నేనే వెళ్లాను. గది చిన్నదే గానీ ముచ్చటగా ఉంది. ఒక గోడ నిండా మేకులు. సగం మేకులకి పనిముట్లు వేలాడుతున్నాయి. మిగతా సగానికి ఏవేవో ఉన్నాయి. చిరిగిన తువ్వాలు, ఎద్దు మెడ గంట, పసిపిల్ల గాజు, విరిగిన గొడుగు పిడి, మేక మెడకి కట్టే ఇత్తడి మువ్వ. ఇలాంటివి ఒక పదిహేను పదహారు. అలవాటు కొద్దీ ముందు గోడంతా ఒక ఫొటో తీశాను. ఫోనులో చూసుకుంటే చెత్త దుకాణంలా కనపడింది. గరివిడి గుర్తొచ్చింది.

ఇవన్నీ తీయించండి మాస్టారూ అన్నాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, "అవి అలా ఉండాలమ్మా, వాటి సంగతేటంటే..." అన్నారు. తర్వాత చెబుదురుగాని, వెలుతురు పోతోంది అన్నాను నేను. ఆయన జీవితమంతా స్కూలు ఇన్‌స్పెక్టర్లు వస్తే నల్లబల్ల తుడిచిన మనిషి. ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేశారు. మిగతా పనిముట్లేవి అంటే, ఊళ్లో ఉన్నాయి, వచ్చేస్తాయి అన్నారు. సరే అని జాబితా అంతటికీ టిక్కులు పెట్టేశాను. ఖాళీ మేకులు కనపడకుండా పక్కకి జరిగి శుభ్రమైన ఫొటో తీశాను.

గుమ్మంలో ఊరివాళ్లు ఏడెనిమిది మంది నిలబడి ఇదంతా చూస్తున్నారు. ఆఫీసరు వచ్చిందని చూస్తున్నారనుకుని చున్నీ సర్దుకున్నాను. వాళ్లు చూస్తున్నది సంచినని నాకేం తెలుసు.

పగలని తాళం

ఆ మర్నాడే మాస్టారు కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్లారు. ఒక కన్ను అయ్యాక రెండోది ఏదో ఇబ్బందిపెట్టి, నాలుగు నెలలు చెల్లెలి ఇంట్లో ఉండిపోయారు. తిరిగొచ్చి షెడ్డు తెరిస్తే, పనిముట్లు నేను ఫొటో తీసిన సగమే ఉన్నాయి. మిగతా సగం మేకులు అలాగే ఖాళీ. ఆకురాయి లేదు. బల్ల మీద ఒక చర్చి హార్మోనియం విప్పి ఉంది, దాని రీడ్లు కాగితంలో చుట్టి ఉన్నాయి.

వారం రోజులు షెడ్డు తెరిచి కూర్చుని, ఎవరూ ఏదీ తేకపోతే నాకు ఫోను చేశారు. ఆయన గొంతు అదోలా ఉంది. వస్తువులు రాలేదమ్మా, ఇన్నాళ్లయినా ఒక్కటి రాలేదు అన్నారు. రావడమేమిటి, పోయాయంటే పోయాయి కదా అనుకున్నాను నేను. దొంగతనం క్లెయిముకి ఎఫ్ఐఆర్ ఉండాలని, పోలీసుస్టేషనుకి వెళ్లమని చెప్పాను. ఎవరి మీదా అనుమానం చెప్పనక్కర్లేదు, కాగితం ఉంటే చాలన్నాను. ఎన్ని వందలసార్లు చెప్పిన మాటో అది. ఆయన "మీరెలాగంటే అలాగేనమ్మా" అన్నారు.

క్లెయిము చూడడానికి నేను వెళ్లేసరికి ఒక కానిస్టేబులు అప్పటికే వచ్చి రెండు వీధులూ తిరిగి అడిగి వెళ్లాడట. షెడ్డు తాళం చూశాను, గీత కూడా పడలేదు. కిటికీ ఊచలు సరిగ్గా ఉన్నాయి. దొంగ బలవంతంగా లోపలికి చొరబడిన గుర్తు లేకపోతే మా పాలసీ పలకదు. మాస్టారు స్టూలు మీద కూర్చుని తల ఎత్తడంలేదు. పాపం ముసలాయన అబద్ధం ఆడుతున్నారేమోనని ఒక్క క్షణం అనుమానించాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అనుమానించాను.

మంచినీళ్ల కోసం బయటికొచ్చి వీధిలోకి నడిచాను. మూడో ఇంటి అరుగు మీద ఒక కుర్రాడు తలుపు చెక్కని చిత్రిక పడుతున్నాడు. ఆ చిత్రిక పిడి మీద ఎర్ర రంగుతో జీ అక్షరం ఉంది, జాబితాలో రాసినట్టే. దాచే ప్రయత్నమేమీ చేయకుండా నన్ను చూసి నవ్వాడు. దొంగిలించినవాడు నట్టనడి వీధిలో కూర్చుని నవ్వుతాడా?

దాలమ్మ మాట

ఆ ఎదురింట్లోనే దాలమ్మ ఉంటుంది. నరసన్నపేట బజారులో చేపలు కోసి అమ్మే మనిషి, అరవై దాటి ఉంటాయి. కత్తిపీట ముందేసుకుని సన్నపు ఆకురాయితో దాని అంచు రుద్దుతోంది. నేను ఆ ఆకురాయి వంక చూడడం ఆమె చూసింది.

"ఏటలా సూస్తన్నావు? సంచిలోకి తీయించినావిడివి నువ్వే గదా."

ఏ సంచి అన్నాను. అప్పుడు చెప్పింది, నేను మాస్టారిని చెప్పనివ్వని మాట. ఆ ఊళ్లో ఎవరికి ఏ పనిముట్టు కావాలన్నా షెడ్డుకి వచ్చి ఎరువు తీసుకుంటారు. అంటే వాడుకుని తిరిగి ఇచ్చేస్తారు. తీసుకున్న మేకుకి తమ ఇంటి వస్తువొకటి ఆనవాలుగా తగిలిస్తారు. పుస్తకం లేదు, సంతకం లేదు. గంట చూస్తే రంపం ఎవరింట్లో ఉందో మాస్టారికి తెలిసిపోతుంది. పనిముట్టు తెచ్చి తగిలించి ఆనవాలు పట్టుకుపోతారు.

"మరి మేస్టారే సొంత సేత్తో ఆనవాళ్లు తీసీసినారు. నీ ముందరే తీసీసినారు, మేమందరం గుమ్మంలో నిల్సుని సూసినాం. ఆ మర్నాడే కళ్లాపరేషనుకి ఎల్లిపోనారు. ఇంకేటనుకుంటాం? షెడ్డు ఎత్తీసినారు, మాకు ఉంచీసుకోమన్నారు అనుకున్నాం. మా కోడలైతే ఏడిసింది కూడాను."

అలా ఆనవాళ్లు తీసేయడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. తీసేస్తే ఏమిటర్థమో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఊరు ఒకటి అనుకుంది. తిరిగొచ్చిన మాస్టారు, "ఇంక నేను బతకననుకున్నారు కాబోలు, అందుకే ఒక్కరూ తిరిగి పెట్టలేదు" అని కుమిలిపోయారు. మధ్యలో నేను, పోలీసులని పంపించాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అగ్గి చూశాను, వరద చూశాను గానీ, నేనే కారణమైన నష్టాన్ని చూడడం అదే మొదటిసారి.

షెడ్డుకి వెళ్లి మాస్టారికి అంతా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. నవ్వలేదు, కోప్పడలేదు. "నేను చెప్పాల్సిందమ్మా. మీరాపితే ఆగిపోయేను" అన్నారు. గోనెసంచి అటక మీద అలాగే ఉంది. దించి నేలమీద పోశాం. ఏది ఏ మేకుదో ఆయనకి గుర్తు రావడంలేదు. కొత్త కళ్లు, నాలుగు నెలల బెంగ. అప్పుడు గుర్తొచ్చింది, నేను తీసిన మొదటి ఫొటో. చెత్తలా ఉందని ఆఫీసుకి పంపలేదు గానీ ఫోనులోంచి తీసేయలేదు. దాన్ని పెద్దది చేసి చూసుకుంటూ నేను చెబుతుంటే ఆయన తగిలించారు. గంట ఇక్కడ, గాజు అక్కడ, మువ్వ చివరి మేకుకి. మా పాత మేనేజరు చూస్తే ఏమనేవాడో.

క్లెయిము వెనక్కి తీసుకుంటున్నట్టు మాస్టారు అక్కడే కాగితం రాసిచ్చారు. పోలీసుస్టేషనుకి ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కడి హెడ్ కానిస్టేబులు మా కథ రెండుసార్లు విని, మూడోసారి వద్దని చెయ్యి ఊపి ముగించేశాడు.

ఎరువు

ఆనవాళ్లు మళ్లీ గోడకెక్కాయని తెలిసి రెండు రోజుల్లో పనిముట్లు ఒక్కొక్కటే వచ్చాయి. కొందరు తలదించుకుని తెచ్చారు, అది చూడలేకపోయానని మాస్టారు ఫోనులో చెప్పారు. ఆఖరికి ఒక్క మేకు మిగిలింది. దానికి దాలమ్మ మేక మువ్వ వేలాడుతోంది.

ఆదివారం నేనే వెళ్లాను. నా వల్ల వచ్చిన తగువు నేనే తీర్చాలనుకున్నాను. తప్పంతా నాదని దాలమ్మకి చెప్పి, ఆకురాయి ఇచ్చేయమని బతిమాలాను. ఆమె కత్తిపీట మీద నుంచి లేవలేదు.

"పోలీసోడు నా గుమ్మంలోకొచ్చి అడిగినాడు. ఇపుడు నానిచ్చీసేననుకో, దొంగతనం సేసి బయపడి ఇచ్చినట్టుంటాది. ఇచ్చినోళ్లని ఊరు ఎలా సూస్తందో సూసినాను. నానియ్యను. తీసుకోమన్నారు, తీసుకున్నాను. అది నాది."

చట్టం పుస్తకాల్లో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ అరుగు మీద మాత్రం ఆమె మాటే న్యాయంగా వినపడింది. అలాగని మాస్టారి మాట అన్యాయమా అంటే అదీ కాదు. చర్చి హార్మోనియం గొంతు లేకుండా బల్ల మీద పడి ఉంది. ఆ ఆకురాయి లేకపోతే అది పలకదు, అది పలకకపోతే ఆయన షెడ్డులో చేయడానికి మిగిలే పని లేదు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మువ్వ వైపు చూశారు. తర్వాత లేచి చెప్పులేసుకున్నారు. నేనూ వెనకాల నడిచాను.

దాలమ్మ అరుగు దగ్గర ఆగి, పదిమందీ వినేలా మామూలు గొంతుతో అడిగారు.

"దాలమ్మా, నీ ఆకురాయి ఒకపాలి ఎరువిస్తావేటి? పని అవగానే తెచ్చిచ్చేస్తాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి ఉందేమోనని వెతికినట్టుంది. లేదు.

"ఆనవాలేటి పెడతారు?" అంది.

ఆయన జేబులో వెతికి షెడ్డు తాళంచెవి తీశారు. ఆమె ఇంటి గోడకి చాట తగిలించే మేకు ఒకటి ఉంది, దానికి తగిలించారు. దాలమ్మ ఆకురాయిని చీర చెంగుతో రెండుసార్లు తుడిచి చేతిలో పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఏడిస్తే బాగుండదని పక్కకి తిరిగి కోళ్లని చూస్తూ నిలబడ్డాను.

షెడ్డుకొచ్చి ఆయన దాలమ్మ మువ్వని మేకు నుంచి తీసి, వెళ్లేటప్పుడు ఆమెకి ఇచ్చేయమని నా చేతిలో పెట్టారు. అది ఆమె వస్తువు, ఇంక ఇక్కడ ఉండకూడదన్నారు. ఆకురాయి చేపల వాసన వేస్తోంది. ఆయన ఒక రీడ్ తీసి రెండుసార్లు గీకి, ఊది విన్నారు. కత్తిపీట మీద అరిగి ఇంకా నున్నబడిందని, రీడ్లకి మంచిదేనని అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజమో నాకు తెలియదు.

నింపని గడి

అప్పటినుంచి అదే పద్ధతి. మాస్టారు షెడ్డు తెరిచి, తాళంచెవి దాలమ్మ గోడకి తగిలించి, ఆకురాయి తెచ్చుకుంటారు. పని అయ్యాక అది ఇచ్చేసి, చెవి తెచ్చుకుని తాళం వేసుకుంటారు. పని తెమలని రోజున షెడ్డు తెరిచే ఉంటుంది, చెవి దాలమ్మ ఇంట్లో ఉంటుంది. దొంగతనం పాలసీకి తాళం వేసి ఉండాలన్నది మొదటి షరతు. ఈ సంగతి నేను ఏ ఫైల్లోనూ రాయలేదు. రాయకపోవడం తప్పే. రాస్తే ఏమని రాసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

నా రిటైర్మెంటుకి నెల ముందు ఆ పాలసీ రెన్యువల్ వచ్చింది. జాబితా మళ్లీ రాయించడానికి వెళ్లాను. ఈసారి గోడ మీద ఏదీ తీయించలేదు. మాస్టారు జాబితా తీసి చివరి పేరు కొట్టేశారు. అది నాది కాదు కదమ్మా, ఎరువు తెచ్చుకుంటున్నాను అన్నారు.

తిరిగి వస్తుంటే దాలమ్మ పిలిచింది. బీమా అంటే వస్తువు పోతే కంపెనీ ఇస్తుందట గదా అని అడిగింది. అవునన్నాను. అయితే తన ఆకురాయికి బీమా రాయమంది. మేస్టారు వచ్చినప్పుడల్లా పట్టుకెళ్తున్నారు, పెద్దాయన, ఎక్కడైనా మర్చిపోతారేమోనట.

నేను నవ్వలేదు. అరుగు మీద కూర్చుని నిజంగానే ఫారం తీశాను. యజమాని పేరు దగ్గర దాలమ్మ అని రాశాను. వస్తువు ఉండే చోటు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఆమె ఇల్లా, ఆయన షెడ్డా? సగం రోజులు ఇక్కడ, సగం రోజులు అక్కడ ఉండే వస్తువుకి చిరునామా ఏమిటి? ఆమె కాసేపు నా కలం వంక చూసి, గోడ మీది తాళంచెవి వంక చూసింది.

"రాయడం రాకపోతే ఒగ్గీ అమ్మా. మేస్టారి తాళంసెవి నా కాడున్నాది గదా, నాకేటి బయం."

ఆ ఫారం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. రేపు పక్కింటి అమ్మాయి వస్తే అదే చేతిలో పెడదామనుకుంటున్నాను. ఆ గడిలో ఏం రాయాలో తనకైనా తెలుస్తుందేమో చూడాలి.